హెల్మెట్ తీశాక అణిగిపోయిన జుట్టును సరిచేసుకోవడం: బయలుదేరే ముందు నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా

ఆఫీసులో తోటి ఉద్యోగినులు, మా వీధిలోని కాలేజీ పిల్లలు, బంధువుల ఇళ్ళలో కొత్తగా బండి కొన్న కుర్రవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒక్కటే: హెల్మెట్ తీయగానే నెత్తికి అంటుకుపోయి, చెవుల దగ్గర మాత్రం పొంగి కనిపించే జుట్టును ఎలా చక్కబెట్టుకోవాలి? నేను పన్నెండేళ్ళుగా మంగళగిరి నుంచి విజయవాడ గవర్నర్‌పేటకు స్కూటరు మీద వెళ్ళి వస్తున్నాను. ఎండాకాలం వడగాలిలోనూ, వర్షాకాలం ఉక్కపోతలోనూ పనికొచ్చిన పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. జుట్టు చెడిపోతుందని హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని వెళ్ళడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత కూడా ఉంటుంది. అందుకే కింద చెప్పిన చిట్కాలలో హెల్మెట్ బిగువును తగ్గించేది ఒక్కటీ లేదు.

1. జుట్టు ఎందుకు అలా అణిగి ఉండిపోతుంది

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దాని ఆకారాన్ని నిలిపి ఉంచే బంధాలలో హైడ్రోజన్ బంధాలు ముఖ్యమైనవి. తడి తగిలితే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్ళీ ముడిపడతాయి. ఆరే సమయంలో వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది.

హెల్మెట్ లోపల జరిగేది సరిగ్గా ఇదే. చెమట జుట్టు మొదళ్ళను తడుపుతుంది, లోపలి మెత్త వాటిని నెత్తికి అదుముతుంది, మనం దిగి నడిచేలోగా అవి ఆ వంపులోనే ఆరిపోతాయి. నూలు చీరకు పడ్డ మడతను ఇస్త్రీ చేసే ముందు నీళ్ళు చిలకరించి తడుపుతారు కదా, జుట్టుకు పడ్డ మడతకూ అదే చేయాలి. పొడిగా ఎంత దువ్వినా ఆ మడత పోదు. మొదళ్ళను కొద్దిగా తడిపి, పైకి ఎత్తి, ఆ ఎత్తులోనే ఆరనివ్వాలి. మిగిలిన వివరాలన్నీ ఈ సూత్రం నుంచి వచ్చినవే.

2. బయలుదేరే ముందు: సగం పని ఇంట్లోనే

తల పూర్తిగా ఆరకుండా హెల్మెట్ పెట్టుకోకూడదు. ఒక శ్రావణ శుక్రవారం నాడు తలంటుకుని, పూజ ముగించి, ఆలస్యమైపోతోందని తడి జడతోనే బయలుదేరాను. ఆ రోజు సాయంత్రం దాకా నడినెత్తి మీద హెల్మెట్ మెత్త అచ్చు అలాగే నిలిచింది, మధ్యాహ్నానికి తల నుంచి ముక్క వాసన కూడా మొదలైంది. తడి వెంట్రుక పొడి వెంట్రుక కంటే బలహీనంగా ఉంటుంది కాబట్టి రాపిడికి తెగిపోవడం కూడా ఎక్కువే.

పొడవు జుట్టు ఉన్నవారు తలస్నానాన్ని ముందు రోజు సాయంత్రానికి మార్చుకోవడం మంచిది. జూలై నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను కింద కూర్చున్నా ఒత్తయిన జుట్టు ఆరడానికి చాలా సేపు పడుతుంది. పైన పొడిగా అనిపించినా, మెడ వెనక మొదళ్ళలోకి వేళ్ళు పోనిచ్చి చూడాలి. వేళ్ళకు చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

నూనె విషయంలో నా అభిప్రాయం గట్టిది. కొబ్బరినూనె రాత్రి పెట్టుకోండి, సెలవు రోజున పెట్టుకోండి, కానీ ఉదయం పెట్టుకుని వెంటనే హెల్మెట్ పెట్టుకోవద్దు. నూనె, చెమట కలిస్తే వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుపోతాయి. ఆ జిడ్డు మెత్తలోకి దిగి మరుసటి రోజు శుభ్రమైన తలకు కూడా అంటుతుంది.

ఇక పాపిడి. మీరు రోజూ ఎడమ పక్క పాపిడి తీసేవారైతే ప్రయాణానికి మాత్రం కుడి పక్క పాపిడి తీసి జుట్టును ఎడమ వైపుకు దువ్వుకోండి. దిగాక మళ్ళీ మామూలు వైపుకు మళ్ళించినప్పుడు, ఎదురు దిశలో ఒదిగి ఉన్న మొదళ్ళు వాటంతటవే కాస్త లేచి నిలబడతాయి. ముందు జుట్టును నుదుటి మీదకు వదిలే అలవాటున్న మగపిల్లలు దాన్ని పూర్తిగా వెనక్కి దువ్వుకుని హెల్మెట్ పెట్టుకోవాలి. నుదుటి మీద అణిగిన జుట్టులో పడే అడ్డగీతను చెరపడం అన్నిటికంటే కష్టం.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:

- మొదళ్ళు వేళ్ళకు పొడిగా తగులుతున్నాయి.
- నూనె, జెల్, క్రీము ఏదీ తలకు లేదు.
- పాపిడి మార్చారు, ముందు జుట్టు వెనక్కి దువ్వారు.
- సర్దుకునే సామాను సంచిలోనో, స్కూటరు డిక్కీలోనో ఉంది.

ఆ సామాను పెద్దదేమీ కాదు. సన్నగా నీళ్ళు చిమ్మే అరచేతంత సీసా, వెడల్పు పళ్ళ దువ్వెన, చిన్న నూలు తువ్వాలు, తిరుగు ప్రయాణంలో హెల్మెట్ లోపల కట్టుకోవడానికి ఇంకో పొడి తలగుడ్డ, రెండు క్లిప్పులు చాలు. వేసవిలో సీసా డిక్కీలో ఉంటే నీళ్ళు కాగిపోతాయి కాబట్టి అది సంచిలో ఉండటమే మేలు.

3. హెల్మెట్ సైజు, లోపలి గుడ్డ

హెల్మెట్ వదులుగా ఉంటే జుట్టు బాగుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వదులు హెల్మెట్ గుంత పడినప్పుడల్లా తల మీద అటూ ఇటూ జరుగుతూ జుట్టును రుద్ది చిక్కులు పెడుతుంది, ప్రమాదంలో ఊడి కూడా పోతుంది. దర్జీ టేపుతో కనుబొమల పైన సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున తల చుట్టుకొలత తీసుకుని, దానికి సరిపోయే ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ కొనండి. పట్టీ బిగించి తలను అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ తలతో పాటే తిరగాలి, చెంపల చర్మం దానితో పాటు కదలాలి.

లోపల కట్టుకునే గుడ్డ ఒకే పొరగా, పలచగా, ముడి లేకుండా ఉండాలి. చున్నీని రెండు మడతలు చుట్టి పైన హెల్మెట్ పెట్టుకోవడం విజయవాడ రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. దానివల్ల హెల్మెట్ తల మీద కూర్చోక పైకి తేలుతుంది, లోపల వేడీ చెమటా రెట్టింపవుతాయి. ఎండ కోసం ముఖానికి గుడ్డ కట్టుకోవాలనుకుంటే ముక్కు నుంచి కిందికి, మెడకు మాత్రమే కట్టుకోండి.

అరగంట లోపు ప్రయాణానికి బాగా ఉతికి మెత్తబడిన మంగళగిరి నూలు గుడ్డ ముక్క నాకు అన్నిటికంటే నచ్చింది. అది చెమటను చక్కగా పీల్చుకుంటుంది. అయితే నూలు త్వరగా ఆరదు, అందుకే తిరుగు ప్రయాణానికి రెండోది కావాలి. గుంటూరు నుంచి విజయవాడకు సుమారు 35 కిలోమీటర్లు వచ్చేవారికి మాత్రం ఆటగాళ్ళు వాడే రకం పలచటి పాలిస్టరు టోపీ మేలు, ఎందుకంటే అది చెమటను పైకి లాగి త్వరగా ఆరిపోతుంది. ఉంగరాల జుట్టుకు రాపిడి తక్కువగా ఉండే శాటిన్ గుడ్డ బాగుంటుంది. కానీ శాటిన్ జారుతుంది, కాబట్టి దానితో హెల్మెట్ కదులుతోందేమో ఇంటి దగ్గరే పట్టీ బిగించి పరీక్షించుకోండి.

4. జడ, కొప్పు, పూలు

కొప్పు పెట్టుకుని హెల్మెట్ పెట్టుకోవద్దు. ఎత్తున కట్టిన పోనీటెయిల్ కూడా వద్దు. అవి హెల్మెట్‌ను ముందుకు నెడతాయి, నుదుటి దగ్గర ఒత్తిడి పెంచుతాయి. మెడ దగ్గర, హెల్మెట్ అంచు కంటే కిందుగా, వదులుగా ఒక్క జడ వేసుకోవడం సరైన పద్ధతి. బిగుతుగా లాగి వేసిన జడను ఏళ్ళ తరబడి రోజూ కొనసాగిస్తే నుదుటి అంచుల్లో, కణతల దగ్గర జుట్టు పలచబడే ప్రమాదం ఉంది. హెల్మెట్ వల్లే జుట్టు ఊడిందని చెప్పేవారిలో కొందరి విషయంలో అసలు కారణం ఈ బిగుతే.

జడ కొసను చొక్కా లేదా జాకెట్ లోపలికి దోపుకుంటే వారధి మీద కృష్ణ గాలికి చిక్కు పడదు. చున్నీని కూడా రెండు కొసలూ కలిపి నడుముకు ముడి వేసుకోండి. ఇది జుట్టు గురించి కాదు, చక్రంలో పడకుండా ఉండటం గురించి.

పక్కపిన్నులు, లోహపు క్లిప్పులు హెల్మెట్ కింద ఉండకూడదు. మామూలు ప్రయాణంలోనే అవి నెత్తిని నొక్కి గాటు పెడతాయి, దెబ్బ తగిలితే గుచ్చుకుంటాయి.

మల్లెపూలు పెట్టుకుని వెళ్ళాలనుకునే రోజున మాలను తడి గుడ్డలో చుట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళి, అక్కడ తల సర్దుకున్నాకే పెట్టుకోండి. హెల్మెట్ కింద నలిగిన మల్లెలు నల్లబడటమే కాకుండా రెక్కలు మొదళ్ళలో ఇరుక్కుని దువ్వెనకు రావు.

5. దిగిన తర్వాత పది నిమిషాలు

ఈ భాగంలో క్రమం తప్పితే ఫలితం తప్పుతుంది. మా అక్క కూతురు గుంటూరు బ్రాడీపేట నుంచి బెంజి సర్కిల్ దగ్గర ఇంటర్వ్యూకి వెళ్తూ, జూలై నెలలో ఒక ఉదయం నా దగ్గర ఆగింది. ఉంగరాల జుట్టు నడినెత్తి మీద పలకలా అణిగి, చెవుల పైన రెండు వైపులా పొంగి ఉంది. నుదుటి మీద మెత్త అంచు ఎర్రటి గీతలా పడింది. మెడ మీద చెమట ఇంకా కారుతూనే ఉంది, చేతిలో సన్న పళ్ళ దువ్వెన ఆడుతూనే ఉంది.

“దువ్వుతున్నకొద్దీ చెవుల దగ్గర పొంగుతోంది పిన్నీ, పైన మాత్రం లేవట్లేదు.”

“ముందు ఆ దువ్వెన పక్కన పెట్టమ్మా. చెమట ఆగనియ్యి.”

ఆ రోజు చేసినది, ఇప్పటికీ నేను రోజూ చేసేది ఇదే.

మొదటి మెట్టు: చెమట ఆగేదాకా తలను ముట్టుకోకండి. నీడలోనో ఫ్యాను కిందో మూడు నాలుగు నిమిషాలు నిలబడండి. ముఖం, మెడ వెనక భాగం, మణికట్లు చల్లటి నీళ్ళతో కడుక్కుంటే ఒళ్ళు చల్లబడి చెమట త్వరగా తగ్గుతుంది. చెమట పడుతుండగా ఎంత అందంగా సర్దినా, కొత్తగా పట్టిన చెమట దాన్ని మళ్ళీ పడగొడుతుంది. ఎక్కువమంది ఓపిక పట్టలేక దాటేసే మెట్టు ఇదే.

రెండో మెట్టు: ఉప్పు తుడవండి. చెమట ఆరితే అందులోని ఉప్పు మిగిలి జుట్టు బిరుసెక్కుతుంది. తువ్వాలు కొసను తడిపి గట్టిగా పిండి, నుదుటి అంచు, కణతలు, మెడ దగ్గరి మొదళ్ళను అద్దినట్టుగా తుడవండి. రుద్దవద్దు.

మూడో మెట్టు: మొదళ్ళను మాత్రమే తడపండి. తల ముందుకు వంచి, అణిగిన చోట వేళ్ళతో పాయ ఎత్తి, జానెడు దూరం నుంచి రెండు మూడు సార్లు నీళ్ళు చిమ్మండి. జుట్టు చెమ్మగా అనిపించాలి, నీరు కారకూడదు. సీసా లేకపోతే పది వేళ్ళూ కుళాయి కింద తడిపి, విదిలించి, ఆ వేళ్ళనే మొదళ్ళలోకి పోనిస్తే చాలు. కొసలు తడపనవసరం లేదు, వాటికి మడత పడలేదు.

నాలుగో మెట్టు: వేళ్ళ కొనలతో నెత్తి చర్మాన్ని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. గోళ్ళు తగలకూడదు. వెనక నుంచి ముందుకు, తర్వాత పక్కల నుంచి నడినెత్తికి రావాలి. హెల్మెట్ అదిమిన దిశకు ఎదురుగా మొదళ్ళను లేపడం దీని ఉద్దేశం.

ఐదో మెట్టు: ఎత్తిన చోట ఎత్తినట్టే ఆరనివ్వండి. నడినెత్తి మీద రెండు పాయలను పైకి లాగి, మొదళ్ళ దగ్గర క్లిప్పులు పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఆఫీసులో డ్రయరు ఉంటే తక్కువ వేడిలో జానెడు దూరం నుంచి మొదళ్ళకు ఊది, చివర అర నిమిషం చల్లగాలి పెట్టండి. ఫ్యాను గాలి కూడా ఇదే పని చేస్తుంది, కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

ఆరో మెట్టు: క్లిప్పులు తీసి, పాపిడి మామూలు వైపుకు మార్చి, వెడల్పు పళ్ళ దువ్వెనతో పైపైన మాత్రమే దువ్వండి. చిక్కులు ఉంటే కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. పొంగిన చోట రెండు చుక్కల కొబ్బరినూనెను అరచేతుల్లో బాగా రాసుకుని కొసల మీద అద్దితే సరిపోతుంది. మొదళ్ళకు అది తగలకూడదు.

ఆ రోజు మా అక్క కూతురికి ఈ పనంతా పద్నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఐదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోవడమే. నుదుటి మీద గీతను చల్లటి తడి తువ్వాలుతో అద్దాం, మిగిలింది మేం తల సర్దుకుంటుండగానే మాయమైంది.

6. జుట్టు తీరును బట్టి మార్పులు

పొట్టి జుట్టుకు ఐదో మెట్టులో క్లిప్పులు అవసరం లేదు. తడిపి, వేళ్ళతో ఎదురుగా లేపి, ఆరాక శనగగింజంత వ్యాక్స్ లేదా జెల్ అరచేతులకు రాసుకుని అద్దుకుంటే చాలు. ప్రయాణానికి ముందు పెట్టుకున్న జెల్ చెమటతో కలిసి కళ్ళలోకి దిగుతుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ దిగాకే వాడండి.

సన్నటి, తిన్నని జుట్టు అన్నిటికంటే త్వరగా అణుగుతుంది, అన్నిటికంటే త్వరగా లేస్తుంది కూడా. దీనికి నీళ్ళు చాలా తక్కువ చాలు. మొదళ్ళు జిడ్డుగా ఉంటే చిటికెడు మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) వేళ్ళతో అద్ది, రెండు నిమిషాల తర్వాత పూర్తిగా దులిపేయండి. ఒళ్ళు పౌడరు వాడేవారున్నారు, కానీ అది నల్ల జుట్టు మీద తెల్లగా కనిపిస్తుంది, ముక్కులోకి పోతే మంచిది కాదు. నేనైతే వద్దంటాను.

ఉంగరాల జుట్టును ఆరాక దువ్వెనతో దువ్వకూడదు. మెట్లన్నీ వేళ్ళతోనే చేసి, చెమ్మగా ఉన్నప్పుడే ఒక్కో పాయను గుప్పిట్లోకి తీసుకుని కింది నుంచి పైకి మెల్లగా నొక్కి వదలండి. ఉంగరాలు తిరిగి చుట్టుకుంటాయి. చెవుల పైన పొంగిన చోట కూడా కొంచెం తడి తగలాలి.

పలచబడిన జుట్టు ఉన్నవారు క్లిప్పులతో గట్టిగా లాగవద్దు. మొదటి నాలుగు మెట్లు చేసి ఫ్యాను కింద ఆరబెట్టుకుంటే సరిపోతుంది.

7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

దిగగానే దువ్వడం: చెమ్మగా అణిగి ఉన్న జుట్టును దువ్వెన ఇంకా నెత్తికి అతికిస్తుంది. అప్పటికే దువ్వేసి ఉంటే మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

ఎక్కువ తడపడం: జుట్టు బరువెక్కి మళ్ళీ వాలిపోతుంది. పొడి తువ్వాలుతో మొదళ్ళను అద్ది, తల వంచి ఫ్యాను కింద రెండు నిమిషాలు ఉండండి.

ఆరకముందే జడ వేసుకోవడం: కుదుళ్ళు అణిగిన తీరులోనే నిలుస్తాయి. జడ విప్పి మూడో మెట్టు నుంచి చేయాలి, దగ్గర దారి లేదు.

సిగ్నల్ దగ్గర హెల్మెట్ పైకి తోసి గాలి పట్టించడం: ఇది ప్రమాదకరం, పైగా ప్రతిసారీ తిరిగి కిందికి లాగినప్పుడు మెత్త జుట్టును కొత్త దిక్కున మడుస్తుంది. దూర ప్రయాణమైతే మంగళగిరి దగ్గరో తాడేపల్లి దగ్గరో రోడ్డుకు బాగా పక్కగా నీడలో బండి ఆపి, స్టాండు వేసి, రెండు నిమిషాలు హెల్మెట్ పూర్తిగా తీసి తలకు గాలి తగలనివ్వండి.

హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి ఎండలో వదిలేయడం: లోపలి మెత్త కాగి ఉంటుంది, పెట్టుకున్న మరుక్షణం చెమట మొదలవుతుంది. అద్దం కొన లోపలి థర్మోకోల్ పొరను నొక్కి గుంత చేస్తుంది, ఆ పొరే తలను కాపాడేది. వీలైతే హెల్మెట్‌ను వెంట తీసుకెళ్ళండి.

8. మెత్త ఉతకడం

ఎంత సర్దుకున్నా సాయంత్రానికే జుట్టు జిడ్డుగా మారుతోందంటే తప్పు మెత్తది కావచ్చు. ఊడి వచ్చే మెత్త అయితే ఎండాకాలం వారానికోసారి, మిగిలిన రోజుల్లో పదిహేను రోజులకోసారి ఉతకాలి. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు షాంపూ కలిపి, మెత్తను అరగంట నానబెట్టి, అరచేతులతో అదిమి మురికి వదిలించి, నురుగు పోయేదాకా జాడించాలి. పిండకూడదు. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో గాలికి ఆరేయాలి.

మెత్త ఊడని హెల్మెట్‌ను బకెట్లో ముంచవద్దు. షాంపూ నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో లోపల అద్దుతూ తుడిచి, మళ్ళీ మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. పెట్రోలు, కిరోసిన్, థిన్నరు దగ్గరికి రానివ్వకండి. అవి పై డొప్పనూ థర్మోకోల్ పొరనూ పాడుచేస్తాయి, ఆ నష్టం కంటికి కనిపించకపోవచ్చు.

ఒకరి హెల్మెట్ మరొకరు వాడవలసి వస్తే ఎవరి తలగుడ్డ వారిదిగా ఉండాలి.

9. ఎప్పుడు చర్మవైద్యులను కలవాలి

యాంటీడాండ్రఫ్ షాంపూతో మూడు నాలుగు వారాలు ప్రయత్నించినా తగ్గని పొట్టు, ఎర్రబడి మండే చర్మం, చీము పొక్కులు, గుండ్రంగా ఊడిన మచ్చలు, నుదుటి అంచు వెనక్కి జరుగుతున్నట్టు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలు ఆపి వైద్యులకు చూపించండి. వెళ్ళేటప్పుడు రోజుకు ఎంత సేపు హెల్మెట్ వాడతారో, తలకు ఏమేమి రాస్తున్నారో చెప్పాలి.

10. సాయంత్రం, రాత్రి

తిరుగు ప్రయాణానికి ఉదయం వాడిన గుడ్డను మళ్ళీ కట్టుకోకండి. పూలు, క్లిప్పులు తీసి, రెండో పొడి గుడ్డ వేసుకోండి. ఇల్లు చేరాక జడ విప్పి, వేళ్ళతో మొదళ్ళు విడదీసి, పావుగంట తలను గాలికి వదిలేయండి. రోజూ తలంటుకోనవసరం లేదు. చెమట మరీ ఎక్కువ పట్టిన రోజున మంచినీళ్ళతో తల తడిపి ఆరబెట్టుకున్నా ఉప్పు పోతుంది.

హెల్మెట్‌ను డిక్కీలో మూసి ఉంచకుండా వెల్లకిలా పెట్టి, మెత్త పైకి కనిపించేలా, ఫ్యాను గాలి తగిలే చోట రాత్రంతా వదిలేయండి. ఉదయం పెట్టుకునే ముందు అరచేతి వెనక భాగంతో నుదుటి దగ్గరి మెత్తను తాకి చూడండి. చల్లగా, చెమ్మగా తగిలితే బయలుదేరడానికి ముందు మరో పది నిమిషాలు ఫ్యాను కింద ఉంచి, ఆ రోజుకు కొత్త గుడ్డ వేసుకోండి.